ఉప్పుకొండ వెనక దారి

దుషాంబే,
14 మే, 1992

బోయ్‌మాద్‌కి,

క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. సబోహత్ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెల్లెలికి యాభై ఎనిమిదికే వచ్చిన నొప్పి అన్నకి అరవై ఎనిమిదికీ రాలేదు. నీ ఇంట్లో చాకిరీ అలాంటిది.

రెండు నెలలు ఈ ఊళ్ళో రెండు మైదానాల్లో బైఠాయించిన జనం రెండు దేశాల్లా ఉన్నారు. ఒకదాంట్లో ప్రభుత్వం దిగిపోవాలన్న మేము, అంటే గర్మ్ వాళ్ళు, పామీరు వాళ్ళు, ముల్లాలు, కవులు. రెండో దాంట్లో ప్రభుత్వం తరఫున మీ కులాబ్ వాళ్ళు. రెండు చోట్లా పులావు వండారు. గొర్రెలు ఒకే బజారు నుంచి వచ్చాయి. పోయిన వారం తుపాకులు మోగాక మీవాళ్ళు బస్సులెక్కి వెళ్ళిపోయారు. ఆ బస్సుల్లో ఒకదాంట్లో నీ కొడుకు ఉన్నాడు. నాలుగేళ్ళు నా ఇంట్లో తిని, డిప్లొమా పరీక్షలకి మూడు వారాలుండగా, బల్ల మీద చీటీ పెట్టి పోయాడు: "మామయ్యా, అమ్మ దగ్గరికి వెళ్తున్నాను." చీటీలో రెండు తప్పులున్నాయి.

నువ్వు ట్రాక్టర్లు బాగుచేసేవాడివి. నేను ముప్పై ఆరేళ్ళు చరిత్ర చెప్పాను. కాబట్టి విను. యుద్ధం మొదలైంది. ఎవరిది ఏ బలమో ఇప్పుడే చూస్తే తెలిసిపోతుంది. రాజధాని మాది, రేడియో మాది, అచ్చుయంత్రాలు మావి. గర్మ్ కొండల్లోకి జార్ సైన్యమే చెమటోడ్చి వచ్చింది. మీకేముంది? జైలు తలుపులు తీసి వదిలిన దొంగలు, పత్తి, గుట్టలు. మా బలహీనత ఒక్కటే, మైదానంలో ప్రతివాడూ ఉపన్యాసకుడే, వినేవాడు లేడు. అదైనా ఒప్పుకుంటున్నాను చూడు. నా సిద్ధాంత గ్రంథాన్ని పదకొండేళ్ళు సొరుగులో కుక్కిన ఆ అకాడమీ డైరెక్టరైతే ఈ మాత్రం కూడా ఒప్పుకోడు. వాడు మీ మైదానంలో ముందు వరసలో కూర్చున్నాడట. ఎప్పుడూ కుర్చీ ఉన్న చోటే ఉంటాడు.

ఫర్రుఖ్‌ని వెనక్కి పంపు. పరీక్ష రాయనీ.

హిక్మతుల్లో

*

కులాబ్,
29 మే

బావగారికి బోయ్‌మాద్ సలాములు.

మీ ఉత్తరం ఉల్లిపాయల త్సోయ్ తెచ్చాడు. తపాలా ఆగిపోయింది. ఈ కొరియన్ ముసలాయన లారీని మాత్రం ఎవరూ ఆపడం లేదు. "ఎందుకాపరు?" అంటే, "రెండు పక్షాలూ ఉల్లిపాయ తింటాయి" అన్నాడు. ఇకమీద ఆయన చేతికే ఇవ్వండి.

మీరు రాసింది సబోహత్‌కి చదివి వినిపించాను. మోకాళ్ళ దగ్గర నవ్వింది. దొంగల దగ్గర నవ్వలేదు. "అన్నయ్యకి చెప్పు, మన వీధి చివర షరీఫ్ కూడా జైలు నుంచే వచ్చాడు, నిన్న నాకు నీళ్ళు మోసిపెట్టాడు" అంది.

మీరు అన్నీ లెక్కపెట్టారు, ఒక్కటి వదిలేశారు. పత్తి అని తీసిపారేశారే, పత్తి ఉన్నచోట ట్రాక్టర్లు ఉంటాయి. ట్రాక్టర్లు ఉన్నచోట మాలాంటి నల్లచేతులవాళ్ళు ఉంటారు. రష్యన్ల దండు నుంచి మొన్న ఒక ట్యాంకు వచ్చింది. ఎలా వచ్చిందో అడక్కండి. అందరూ దాని చుట్టూ నిలబడి మీసాలు దువ్వుతున్నారు. నేను కిందికి దూరి చూశాను. బావగారూ, అది ట్రాక్టరే. కోపం వచ్చిన ట్రాక్టరు. సాయంత్రానికి నడిపించాను. మీ కవుల్లో ఒక్కడికి క్లచ్ ఎక్కడుంటుందో తెలుసా?

నేను ఏ పక్షమూ కాదు. బండి ఆగిపోతే చూడలేను, అంతే.

ఫర్రుఖ్ రానంటున్నాడు. అక్కడికొస్తే కులాబీ అంటారట, ఇక్కడ ఉంటే గర్మ్ తల్లి కొడుకంటున్నారు. "ఇక్కడ తిట్టేవాళ్ళు కనీసం తెలిసినవాళ్ళు నాన్నా" అన్నాడు. వాడి మాటకి జవాబు మీ దగ్గర ఉంటే రాయండి.

బోయ్‌మాద్

*

దుషాంబే,
20 జూన్

బోయ్‌మాద్‌కి,

వాడికి నా దగ్గర జవాబు లేదు. నీకుంది.

ట్యాంకు నడపడానికి డీజిలు కావాలి, నడిపేవాడికి రొట్టె కావాలి. మీ గోధుమ ఎక్కడిది? పత్తి తప్ప ఇంకేదీ వేయనివ్వని భూమి మీది. పిండి దుషాంబే నుంచి ఒకే రోడ్డు మీద, ఒకే కనుమ దాటి రావాలి. ఆ కనుమ ఇప్పుడు మావాళ్ళ చేతిలో ఉంది. కులాబ్‌కి వచ్చే చిన్న రైలూ ఆగిపోయింది. కొన్ని వారాల్లో మీ శూరులు తవుడు తింటారు. చరిత్రలో కోటలు పడింది ఎక్కువగా ఇలాగే, గోడలు బద్దలై కాదు. క్లచ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఒక సంగతి చెప్తాను, సబోహత్‌కి కూడా చదివి వినిపించు. నా పాత విద్యార్థి జైనుద్దీన్ గుర్తున్నాడా, వెనక బెంచీలో గోళ్ళు కొరుక్కునేవాడు? ఇప్పుడు మావాళ్ళలో కమాండరు. జీపులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, "ఉస్తాద్, రెండు పక్షాల బలమేమిటో, బలహీనత ఏమిటో మాకు రాసిపెట్టండి. మీ అంత చదివినవాళ్ళు మాలో లేరు" అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో ఈ నగరంలో నన్ను అడిగి రాయించుకున్న మొదటి కాగితం ఇది. పది పేజీలు రాశాను. అకాడమీ వాళ్ళు చూసి ఏడవాలి.

హిక్మతుల్లో

*

కులాబ్,
6 జూలై

బావగారికి సలాములు.

మీ జోస్యం సగం నిజమైంది. కనుమ మూసేశారు. రొట్టె దుకాణం ముందు ఆడవాళ్ళు తెల్లారక ముందే నిలబడుతున్నారు. కానీ తవుడు దాకా రాలేదు లెండి, పండగ చేసుకోకండి. మీకు పుస్తకాల్లో దొరకని దారి ఒకటి మాకుంది. ఉప్పుకొండ వెనక గొర్రెలు తోలే బాట. అవతల పంజ్ నది ఒడ్డున ప్రభుత్వ వ్యవసాయక్షేత్రం గిడ్డంగి ఉంది, నిండా పిండి. బాట వెడల్పు ట్రాక్టరుకి సరిగ్గా సరిపోతుంది, ట్రాలీ చక్రం సగం గాలిలో ఉంటుంది. శనివారాలు, మంగళవారాలు మూడు ట్రాక్టర్లు పోయి వస్తున్నాయి. మీ పది పేజీల్లో ఇది లేదు కదూ?

ఒక ట్రాక్టరు ఫర్రుఖ్‌ది. తుపాకీ పట్టనన్నాడు, "పిండి తెస్తాను" అన్నాడు. తుపాకీ పట్టనివాడిని ఇక్కడ ఎవరూ మనిషిగా చూడటం లేదు. పిండి తెచ్చేవాడిని చూస్తున్నారు. మొదటిసారి వెళ్ళే రోజు సబోహత్ వాడి చేత కొత్త రొట్టె కొరికించింది. సైన్యానికి వెళ్ళినప్పుడు చేసినట్టే. కొరికిన రొట్టె గుడ్డలో చుట్టి మేకుకి వేలాడదీసింది. "ఇదేమిటే, వారానికి రెండుసార్లు పోయి వచ్చేవాడికి" అని నేను నవ్వాను. "పని అంతా అయ్యాక, ఇక వెళ్ళక్కర్లేదన్న రోజున వాడే వచ్చి తింటాడు" అంది.

మిమ్మల్ని ఒకటి అడగమంది. "అన్నయ్యా, యుద్ధం సంగతులు రాయకు. నీ ఇంటి ముందు ఆప్రికాట్ చెట్టు కాసిందో లేదో రాయి."

బోయ్‌మాద్

*

దుషాంబే,
30 జూలై

బోయ్‌మాద్‌కి,

చెట్టు కాసింది. ఎక్కువగా కాయలేదు.

ఫర్రుఖ్‌ని ఆ ట్రాక్టరు పని మానిపించు. ఇంకేదైనా పనిలో పెట్టు. నీ షెడ్డులోనే ఉంచుకో. ఇలాంటి దారులు ఎంతోకాలం గుట్టుగా ఉండవు. చరిత్రలో ఎన్నోసార్లు అలాగే జరిగింది. నేను ఊరికే అంటున్నానని అనుకోకు. శనివారం వద్దు, మంగళవారం వద్దు. ఏ రోజూ వద్దు.

త్సోయ్ ఈరోజే బయల్దేరుతానన్నాడు. చేతిలో ఎప్పుడూ ఇచ్చే దానికన్నా ఎక్కువ పెట్టాను. వెంటనే చదువు. వెంటనే మానిపించు.

హిక్మతుల్లో

*

కులాబ్,
27 ఆగస్టు

బావగారికి,

మీ ఉత్తరం ఇరవై రెండున అందింది. త్సోయ్‌ని దారిలో మూడు వారాలు ఆపేశారట. ఉల్లిపాయలు కుళ్ళిపోయాయి.

ఫర్రుఖ్ పదకొండో తారీఖు మంగళవారం వెళ్ళాడు. బాట మలుపులో మాటు వేసి కూర్చున్నారు. ముందు ట్రాక్టరు వాడిది. మర్నాడు నేను, షరీఫ్ వెళ్ళాం. ట్రాలీ కాలిపోయింది. పిండి కాలితే వాసన అచ్చం రొట్టె వాసనే. అక్కడే పూడ్చాను. మోసుకు రావడానికి వీల్లేకపోయింది. షరీఫ్ ప్రార్థన చదివాడు, జైల్లో నేర్చుకున్నాడట.

సబోహత్‌కి చెప్పలేదు. "కొండ అవతల ఆగిపోయాడు, దారి మూసేశారు" అన్నాను. నమ్మింది. లేదా నమ్మినట్టుంది.

ఇప్పుడు ఇంట్లో సంగతి రాస్తాను. పిండి లేదు. మల్బరీ పళ్ళు ఎండబెట్టినవి దంచి తింటున్నాం. పత్తిగింజల చెక్క తింటున్నాం, పశువులకి పెట్టేది. సబోహత్ తన వంతు పక్కింటి పిల్లలకి పెట్టేస్తోంది. గోడ మీద రొట్టె ఉంది. పక్కింటి పిల్లలు వచ్చి దాని కింద కూర్చుంటున్నారు. "అదొక్కటీ అడక్కండి నాయనా, అది నాది కాదు" అంటోంది. బరువు సగమైంది. లేచి నిలబడటానికి గోడ పట్టుకుంటోంది.

చచ్చిపోయాడని చెప్తే ప్రాణం పోతుంది. చెప్పకపోతే ఆ రొట్టె చూస్తూ ఇలాగే పోతుంది. నాకేమీ తోచడం లేదు. మీరు రాయగలరు. ఫర్రుఖ్ ఎలాగో కొండలు దాటి మీ ఇంటికి చేరాడని, మీ దగ్గర క్షేమంగా ఉన్నాడని ఒక ఉత్తరం రాయండి. నేను చెప్తే నా మొహం చూసి కనిపెట్టేస్తుంది. మీ మాటంటే నమ్మకం. "అన్నయ్య ఎవరి మెప్పు కోసమూ అబద్ధం చెప్పలేదు, అందుకే పెద్దవాడు కాలేకపోయాడు" అంటుంది ఎప్పుడూ. దాని మనసు కుదుటపడితే తిండి మీదికి వస్తుందేమో.

బోయ్‌మాద్

*

దుషాంబే,
10 సెప్టెంబరు

చెల్లీ సబోహత్‌కి,

శుభవార్త. ఫర్రుఖ్ మొన్న గురువారం మా ఇంటికి వచ్చాడు. నది ఒడ్డునే నడిచి, తర్వాత గొర్రెలకాపరులతో కొండలు దాటాడట. కాళ్ళు బొబ్బలెక్కాయి, మరేం లేదు. రెండు రోజులు నిద్రపోయాడు. లేచి పులావు రెండు పళ్ళేలు తిని, నన్ను పిసినారి అన్నాడు. గడ్డం పెరిగింది. గీసుకోమంటే నవ్వుతున్నాడు. యూనివర్సిటీ తెరవగానే పరీక్ష రాస్తాడు. నేనే చదివిస్తున్నాను.

రోడ్డు తెరిచేదాకా పంపను, నా మీద కోపం తెచ్చుకోకు. దారి ఎప్పుడు తెరుస్తారో తెలీదు కాబట్టి ఒక మాట చెప్పమన్నాడు: "మేకుకి ఉన్న రొట్టె దాచుకోవద్దు, అమ్మని తినేయమనండి. నాకోసం తిన్నట్టే అనుకుంటాను."

తిను చెల్లీ. వాడి మాట కాదనకు. ఆప్రికాట్లు ఎండబెట్టాను, త్సోయ్ చేత పంపుతున్నాను.

అన్న,
హిక్మతుల్లో

*

కులాబ్,
18 అక్టోబరు

బావగారికి,

ఉత్తరం వచ్చిన రోజు పట్టుకుని తనే చదువుకుంటానంది. ఎండలో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో మాట చదివింది. పులావు దగ్గర నవ్వింది. పిసినారి దగ్గర గట్టిగా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒకచోట వేలు ఆగిపోయింది. అక్కడే చాలాసేపు ఉంచింది.

"ఏ కొడుకూ ఈ మాట అనడు" అంది.

వేలు కింద చూశాను, రొట్టె తినేయమన్న మాట.

"కొరికినవాడు బతికుండగా దాన్ని ఇంకొకరు తింటారా? తినమని వాడే అంటాడా? తన ఆయుష్షు తనే తెంపుకుంటాడా? అన్నయ్యకి ఇవన్నీ మూఢనమ్మకాలు. వాడికి కాదు. నా చేతుల్లో పెరిగాడు వాడు." ఉత్తరం మడిచి మళ్ళీ అంది, "ఎక్కడ పూడ్చావు?"

చెప్పాను. ఇంకేం చెయ్యను?

లేచి గోడ పట్టుకుని మేకు దగ్గరికి నడిచింది. నేను సాయం వెళ్తే వద్దంది. రొట్టె రాయిలా ఉంది. నీళ్ళలో నానబెట్టి ఏడు ముక్కలు చేసి, చచ్చిపోయినవాళ్ళకి చేసినట్టే ఏడు ఇళ్ళకి పంపింది. తను ముట్టలేదు. మీరు పంపిన ఆప్రికాట్లు కూడా పిల్లలకి పెట్టింది. ఏడవలేదు. మర్నాటి నుంచి గోడ వైపు తిరిగి పడుకునేది.

ఈ నెల ఆరో తారీఖున పోయింది. జ్వరం అని డాక్టరు రాశాడు. ఊళ్ళో అందరికీ అదే రాస్తున్నాడు.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అడిగింది నేను.

బోయ్‌మాద్

*

కులాబ్,
4 డిసెంబరు

హిక్మతుల్లో గారికి,

మావాళ్ళు కనుమ దాటారు. ఇంకో వారం, పది రోజుల్లో దుషాంబేలో ఉంటారు. నేను బాగుచేసిన ట్యాంకులు ముందు నడుస్తున్నాయి. మీరు మేలో వేసిన లెక్క తప్పిందని చెప్పడానికి రాయడం లేదు. మనిద్దరిలో ఎవరి లెక్క నిజమైనా ఇప్పుడు వినేవాళ్ళు లేరు.

మీవాళ్ళ జీపు ఒకటి పట్టుబడి నా షెడ్డుకి వచ్చింది. అద్దం నిండా తూట్లు. లోపల రక్తం కడిగాను. తలుపు అరలో కాగితాలున్నాయి, పదకొండు పేజీలు. మీ చేతిరాత నాకు తెలుసు. మీరు పది అన్నారు, పదకొండోది వేరే సిరాతో ఉంది. ఉప్పుకొండ వెనక గొర్రెల బాట, శనివారం, మంగళవారం, మూడు ట్రాక్టర్లు. "వెడల్పు ట్రాక్టరుకి సరిగ్గా సరిపోతుంది" అన్న నా మాట నా మాటగానే రాశారు. ఒక్క అక్షరం మార్చలేదు.

నేను డబ్బా కొట్టుకోకపోతే మీకు తెలిసేది కాదు. అది నా వంతు తప్పు.

ఎవరికీ చూపించలేదు. పొయ్యిలో పెట్టాను.

మావాళ్ళు వస్తే ఇంటింటికీ తిరుగుతారు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చూస్తారు. గర్మ్ అని ఉన్నవాళ్ళని ఏం చేస్తున్నారో దారి పొడవునా చూశాను. దీంతోపాటు ఒక కాగితం ఉంది. కమాండరు సంతకం, ముద్ర ఉన్నాయి. "ఇతను మా మనిషి, ముట్టవద్దు" అని, మీ పేరు. ఒక ట్యాంకు ఇంజను విప్పి బిగించినందుకు అడిగి తీసుకున్నాను. ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకోండి.

ఇది మీ కోసం కాదు. సబోహత్ పోయే ముందు రోజు, "అన్నయ్యకి ఏమీ కాకుండా చూడు" అంది. పదకొండో పేజీ సంగతి దానికి తెలీదు. తెలిసినా అదే అనేదేమో. నాకు తెలీదు.

నాకు ఇక ఉత్తరాలు రాయకండి.

బోయ్‌మాద్

*

దుషాంబే,
19 డిసెంబరు

బోయ్‌మాద్‌కి,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. త్సోయ్ తీసుకుంటాడో లేదో తెలీదు.

అవును, పదకొండో పేజీ రాశాను. నీ ఉత్తరం వచ్చిన రెండో రోజు జైనుద్దీన్ వచ్చాడు. "ఉస్తాద్, కనుమ మూసినా వాళ్ళు ఇంకా పడిపోలేదే, మీ లెక్క ఎక్కడ తప్పింది?" అన్నాడు. తప్పింది అన్న మాట నేను తట్టుకోలేకపోయాను. అప్పుడే కూర్చుని రాసిచ్చాను. ఫర్రుఖ్ ట్రాక్టరు మీద ఉన్నాడని నాకు తెలుసు. నీ ఉత్తరంలోనే ఉంది. జైనుద్దీన్ వెళ్ళాక మళ్ళీ చదివాను. ఆ తర్వాతే నీకు రాశాను. ఆ పేజీ రాయడానికి క్షణం ఆగని చేతులివి, మధ్యలో పది రోజులు ఎందుకు ఆగాయో నాకే తెలీదు.

మీవాళ్ళు ఈరోజు పొద్దున మా వీధికి వచ్చారు. ఏడుగురు. ఒకడు చదివినవాడు, మిగతావాళ్ళు వాడికి పాస్‌పోర్టులు అందిస్తున్నారు. మగవాళ్ళందరినీ గోడ దగ్గర నిలబెట్టారు. మా మేడ మీద ఉండే ముల్లోయోర్ నా పక్కన నిలబడ్డాడు. అతన్ని నువ్వు చూశావు. సబోహత్ వచ్చినప్పుడల్లా పాలు పంపేవాడు. చెప్పుల దుకాణంలో పని. అతనూ గర్మ్ వాడే.

"తాతా, ఎక్కడ పుట్టావు?" అన్నాడు చదివినవాడు.

"గర్మ్."

"ఏమైనా కాగితం ఉందా?"

ఉంది. ఇచ్చాను. పెదవులు కదుపుతూ చదివాడు. సంతకం చూశాడు. నా చేతికి తిరిగిచ్చి, "చలిలో నిలబడకు, లోపలికి పో" అన్నాడు.

ముల్లోయోర్ నా వైపు చూశాడు. "ఇతను కూడా మావాడే" అని ఒక్క మాట అనొచ్చు. వాళ్ళు వినేవాళ్ళో కాదో తెలీదు. కాగితంలో నా పేరొక్కటే ఉంది. నేను నోరు విప్పలేదు. నాలుగు మెట్లెక్కి లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. అతన్నీ ఇంకో ముగ్గుర్నీ లారీ ఎక్కించారు. కిటికీలోంచి చూశాను.

అతని భార్య సాయంత్రం వచ్చి తలుపు కొట్టింది. "ఉస్తాద్, మీ దగ్గర ఏదో కాగితం ఉందట, ఎవరిస్తారు అలాంటివి?" అని అడిగింది. తెలీదన్నాను.

ఇదంతా నీకెందుకంటే, చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

హిక్మతుల్లో